పదవియు మనిషియు: ఒక సంవాదము

మన తెలుగుదేశమున ఇద్దరు అపరిచితులు రైలుపెట్టెలో ఎదురెదురుగా కూర్చున్నచో, ఊరు పేరు తెలిసిన పిమ్మట వెలువడు ప్రశ్న "ఏమి చేయుచుందురు?" అనునదే. సమాధానము పెద్ద ఉద్యోగమైనచో అడిగినవారు సర్దుకొని కూర్చుందురు. చిన్నదైనచో కిటికీవైపు చూపు మరల్చుదురు. పిల్లలను గూర్చి విచారించునప్పుడును "బాగున్నాడా?" అనుటకు ముందే "ఎక్కడ సెటిలైనాడు?" అని అడుగుట మనకు మర్యాదగనే తోచును. ఈ అలవాటు మంచిదో చెడ్డదో తీర్పు చెప్పుట సులభము. అది మన లోపల ఎంతవరకు దిగినదో, పదవి పోయిననాడు, బిరుదు రానినాడు, ర్యాంకు తప్పిననాడు మనిషికి తన్ను తాను చూచుకొను కన్ను మిగులునో లేదో విచారించుట మాత్రము కష్టము. భీమవరమున నాకు చిరకాలముగా తెలిసిన ఇద్దరు పెద్దలు, వరుసకు బావాబావమరదులు, ఈ విషయముపై ఒక సాయంకాలమంతయు వాదించుకొనగా వినియుంటిని. బావగారు రెవెన్యూశాఖలో డిప్యూటీ కలెక్టరుగా విశ్రమించినవారు; బావమరిది ఒక కళాశాలలో రసాయనశాస్త్రము బోధించి విశ్రమించినవారు. పూర్వవిద్యార్థులు సన్మానము తలపెట్టగా బావమరిది వలదనుట వాదమునకు మూలము. నా మనస్సు ఎవరివైపు మొగ్గినదో చదువరులకు తెలియకపోదు. అయినను బావగారి వాదమును నేనెచ్చటను తగ్గించి వ్రాయలేదు, ఏలయన అది నాకు తెలిసిన అనేకుల జీవితానుభవము.

బావగారు: ఏమోయి, పిల్లలు హాలు మాట్లాడుకొనిరి, శాలువా కొనిరి, ఆహ్వానపత్రములు అచ్చునకు పంపబోవుచున్నారు, నీవేమో ససేమిరా యనుచున్నావట. ముప్పది యేండ్లు పాఠము చెప్పినవానికి నలుగురు కూడి ఒక దండ వేయుట తప్పా? ఆ పిల్లలలో ఒకడు నా దగ్గరకు వచ్చి, "మాస్టారు ఎందుకో కష్టపెట్టుకున్నారండీ" అని కండ్లనీళ్లు పెట్టుకొన్నంత పనిచేసెను.

బావమరిది: దండ వేయుట తప్పు కాదు బావగారూ. వారు వ్రాసి తెచ్చిన సన్మానపత్రము ఇదిగో, చూడుడు. నా శిష్యులలో అమెరికాలో స్థిరపడినవారెవరు, డాక్టర్లైనవారెవరు, ఏ కంపెనీలో ఎవరు వైస్ ప్రెసిడెంటు అను పట్టికయే పత్రమంతయు. వారి జీతములను కూడి నా విలువ తేల్చినారు. ఆ తరగతిలో వెనుకబల్లపై కూర్చుండి, పరీక్ష తప్పి, నేడు రొయ్యలచెరువుల మీద మేత చల్లుచు బ్రతుకువారును నా శిష్యులే. వారు ఈ సభకు తప్పక వత్తురు. వచ్చి, వెనుకవరుసలో కూర్చుండి, తమ పేరు లేని ఈ పట్టికను విని చప్పట్లు కొట్టవలెనా?

బావగారు: నీ మాట వినుటకు బాగుగనే యున్నది. కాని మనిషి తన విలువ తానే నిర్ణయించుకొనుట యెట్లు? పసిబిడ్డకు తానొకడున్నాడని తెలియుటయే తల్లి ముఖములోని నవ్వు చూచి. గది తలుపు వేసికొని "నేను గొప్పవాడను" అనుకొనువానిని లోకము పిచ్చివాడనును, లోకమన్నది సరియే. మన పూర్వులు అర్థమును పురుషార్థములలో చేర్చిరి. మమ్మటుడు కావ్యప్రయోజనములను లెక్కించుచు కీర్తినే మొదట పేర్కొనెను. వారు అల్పులని అనగలవా? పనిని, పని వలన వచ్చు పేరును తీసివేసిన పిమ్మట మనిషిలో మిగులునదేమో నాకు చూపుము. తిని నిద్రించు దేహము తప్ప నాకేమియు కనబడదు.

బావమరిది: కీర్తిని కోరుట సహజమని నేనును ఒప్పుదును. కీర్తితోపాటు మనిషియు పోవునా యన్నదే నా ప్రశ్న. శ్రీనాథుని తలచుకొనుడు. ప్రౌఢదేవరాయల కొలువున గౌడడిండిమభట్టును ఓడించి కనకాభిషేకము పొందిన కవిసార్వభౌముడు. రెడ్డిరాజ్యము కూలిన పిమ్మట, చాటుపద్యముల సంప్రదాయము చెప్పునట్లు, కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, పంట వరదపాలు కాగా ఏడువందల టంకముల శిస్తు చెల్లింపలేక, బండ మోసి నడివీధిలో ఎండలో నిలువబడెను. బంగారముతో స్నానమాడిన దేహమునకే పొగడదండ పడెను. శిస్తు చెల్లింపలేనంతమాత్రమున ఆ మనిషి తగ్గెనా?

బావగారు: తగ్గలేదని నీవనుచున్నావు, ఆయన అనుకొనెనా? ఆయన పేర నిలిచిన ఆ పద్యములలో నాకు వినబడునది నిబ్బరము కాదు, పరితాపము. పూర్వగౌరవమును ఒక్కొక్కటిగా తలచుకొని దుఃఖించిన మనిషి వాటిలో నున్నాడు. శ్రీనాథునంతవానికే పీఠమును ప్రాణమును వేరుచేసికొనుట చేతకాలేదన్నమాట. కవులను విడువుము, నా సంగతి వినుము, ఇంతవరకు ఎవరితోను నోరు విప్పి చెప్పలేదు. డిప్యూటీ తహసీల్దారుగా చేరితిని. తుపాను రాత్రులలో లంకగ్రామములకు పడవలపై బియ్యపు బస్తాలు చేర్చితిని. ఏటిగట్టు తెగునన్న కబురు విని తెల్లవార్లు ఇసుకబస్తాల దగ్గర నిలువబడితిని. కన్ఫర్డ్ ఐఏఎస్ నాకు వచ్చి తీరునని శాఖలో అందరును అనుచుండిరి. ఇంతలో సీనియారిటీ జాబితాపై వ్యాజ్యము పడినది. వాయిదాలలో ఏండ్లు గడచినవి. సెలక్షన్ కమిటీ కూర్చుండునప్పటికి నాకు వయఃపరిమితి దాటినది. నా వెనుక చేరినవారు కలెక్టర్లైరి. వారి బల్ల ముందు ఫైలు పట్టుకొని నిలువబడితిని. అదియును సహించితిని. విశ్రమించిన మరునాటి ఉదయము, అలవాటు చొప్పున స్నానము చేసి, ఇస్త్రీచొక్కా తొడుగుకొని, పెన్ను జేబులో పెట్టుకొని వరండాలో కూర్చుంటిని. జీపు రాదని తెలిసియు కూర్చుంటిని. మీ అక్క కాఫీ తెచ్చి, "ఎక్కడికండీ?" అని అడిగినది. చెప్పుటకు ఏమియు లేకపోయినది. నేనెవడనో అన్నియేండ్లు కార్యాలయము నాకు చెప్పుచుండెను. అది చెప్పుట మానిన దినమున నాకు నేను తెలియలేదు. దీనిని నీవు అజ్ఞానమందువా?

ఇచ్చట కొంతసేపు ఇరువురును మాటలాడలేదు. ఉద్యోగవిరమణ వెనుక వచ్చు ఈ శూన్యమును మనవారు కాలక్షేపము లేని బాధగా నెంచి, ఉదయపు నడక, తీర్థయాత్ర, పురాణశ్రవణము అని మందులు చెప్పుచుందురు. బావగారికి కాలము గడువక కాదు. తన్ను గుర్తుపట్టువారు లేక. అది వేరు జబ్బు. దానికి నడక మందు కాదని నా అభిప్రాయము.

బావమరిది: అజ్ఞానమనను బావగారూ. మీకు జరిగినది అన్యాయము. అన్యాయము జరిగినదనుటయు, మీరు తగ్గితిరనుటయు రెండు వేరు మాటలు. మీరు రెంటిని ఒక్కటిగా కలిపివేయుచున్నారు. మన యూరివాని కథయే చెప్పెదను. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో ఈ భీమవరముననే పుట్టెను. మెట్రిక్యులేషను రెండుమారులు తప్పి మూడవమారు గట్టెక్కెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరుతో శస్త్రచికిత్సాశాలకు పోగా ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డు ఆగ్రహించెను, తుదకు ఎం.బి.బి.ఎస్. రావలసినచోట అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చెను. అన్నదమ్ములు స్ప్రూ వ్యాధివాతబడిరి. సర్కారు వైద్యసర్వీసులో చేరబోగా చోటు దొరకలేదు. ఆయుర్వేదకళాశాలలో శరీరశాస్త్రము చెప్పుకొనెను. పిమ్మట బోస్టను చేరి, పగలు హార్వర్డులో చదువుచు, పొట్టగడుపుకొనుటకు రాత్రులు ఆస్పత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనికి కుదిరెను.

ఆ మనిషియే 1925లో హార్వర్డులోని శాస్త్రజ్ఞుడు ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. నేను ప్రతి సంవత్సరమును పిల్లలకు చేసి చూపినది అదియే: నమూనాలో మాలిబ్డేటు ద్రావణము కలిపి, క్షయకరణకారకమును చేర్చినంతనే, నీటివలె నున్న ద్రవము మెల్లమెల్లగా నీలమునకు తిరుగును; భాస్వరము ఎంత యెక్కువైన నీలము అంత చిక్కనగును; ఆ చిక్కదనమును కలరీమీటరులో చదువుదుము. ఆ నీలమును పట్టుకొనియే వారిరువురును కండరములలో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏటీపీని కనుగొనిరి; మన చేయి కదలుటకు శక్తి యెచ్చటినుండి వచ్చునో లోకమునకు తెలిసినది. 1930లో పిహెచ్.డి. వచ్చెను. హార్వర్డులో స్థిరమైన పదవి మాత్రము రాలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు పోయెను. అచ్చట ఆయన నడిపిన పరిశోధకబృందములనుండి ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణము, 1947లో హెట్రజాను, 1948లో పసిపిల్లల రక్తక్యాన్సరుపై సిడ్నీ ఫార్బరు ప్రయోగించిన అమినోప్టెరిను, ఆ యేటనే ఆరియోమైసిను అను యాంటీబయాటిక్ మందు వెలువడినవి. ఆ ఆగస్టులోనే 53 ఏండ్ల వయస్సున నిద్రలో గుండె ఆగి పోయెను. నోబెలు బహుమానము లేదు; స్వదేశమునకు తిరిగి వచ్చుట లేదు; మన ప్రభుత్వము తపాలాబిళ్ల వేయునప్పటికి 1995వ సంవత్సరము వచ్చినది. బోదకాళ్లకు మన గోదావరిజిల్లాలు పెట్టినది పేరు గదా. ఆరోగ్యకార్యకర్త ఇంటింటికి వచ్చి ఎదుట నిలిచి మ్రింగించు డీఈసీ మాత్ర ఆ హెట్రజానే. మ్రింగువారిలో ఎందరికి ఆయన పేరు తెలియును? లోకము ఇచ్చిన పదవిని బట్టి చూచిన ఆ మనిషి ఎంతటివాడు?

బావగారు: ఇది విని చప్పట్లు కొట్టుదునని అనుకొంటివేమో. సుబ్బారావు గెలిచినవాడోయి! హార్వర్డు కాదన్నను చరిత్ర ఔనన్నది. నీవు న్యాయాధిపతిని మార్చితివి గాని న్యాయస్థానమును మూయలేదు. హెట్రజాను రాకున్నచో, ఆ నీలిరంగు అక్కరకు రాకున్నచో, ఎల్.ఎం.ఎస్. మాత్రమే మిగిలిన ఆ మనిషి పేరు నీ నోట వచ్చెడిదా? నీవును ఫలితమును చూచియే తూచుచున్నావు. తూచినపిదప త్రాసు లేదనుచున్నావు.

బావమరిది: మీ మాట నిజము; ఈ ఉదాహరణము నన్నంతదూరము మోయదు. కావున ఫలితము తెలియని మనిషిని తీసికొందము. 2019 ఏప్రిలులో తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడినప్పుడు ఒక విద్యార్థినికి తెలుగులో సున్న వచ్చినది. మొదటి సంవత్సరము అదే తెలుగులో నూటికి దగ్గరగా మార్కులు తెచ్చుకొన్న పిల్ల. మరల చూడగా అది సున్న కాదు, 99 అని తేలినది. ఆ నడుమ దినములలో ఊరివారి చూపులు, బంధువుల ఫోనులు, ఆ యింటి నిశ్శబ్దము, ఇవన్నియు ఆ సున్ననుబట్టియే నడచినవి గదా? కాగితముపై అంకె మారినది. పిల్ల యేమి మారినది? ఆ ఫలితముల వేళ రాష్ట్రమున ఇరువదిమందికి పైగా పిల్లలు ప్రాణములు తీసికొనిరి. ఆ మాట తలచినపుడెల్ల, ఎన్నియో సంవత్సరములు అంకెలు వేసిన ఈ చేయి నాకు బరువగును.

బావగారు: అది ఘోరము, దానిపై నాకు వాదము లేదు. కాని తర్కమును విడువకుము. ఆ పిల్లకు 99 న్యాయముగా రావలసినవి. కావున అబద్ధపు కొలత పోయి నిజమైన కొలత నిలిచినది. కొలతయే తప్పని దానివలన తేలలేదు. నిజముగానే సున్న రావలసిన పిల్లవాని మాటయేమి? మరల లెక్కించినను సున్నయే వచ్చువాడు?

బావమరిది: అసలు ప్రశ్న అదియే, మీరు నన్ను అచ్చటికి తెచ్చినందుకు సంతోషము. నీలిరంగు నమూనాలో భాస్వరమెంత యున్నదో చెప్పును. రక్తమిచ్చినవాడు ఎట్టివాడో చెప్పదు, చెప్పవలెనని మేమెన్నడును దాని నడుగలేదు. కొలత నిజమైనదే యగుగాక. అది కొలిచినది ఆ మనిషిని కాదు. ఆ పిల్లవానికి రసాయనశాస్త్రము రాదు. నేను నిర్దాక్షిణ్యముగా సున్న వేయుదును, వేయవలెను కూడ, లేకున్న రేపు వాడు కట్టిన మందు తాగినవారు చత్తురు. ఆ సున్నను వాని తండ్రి చేతిలోనికి తీసికొని, "నీవు సున్న" అని చదువుటతోనే తప్పు మొదలగును.

మా ప్రయోగశాలలో ఒక అటెండరు ఉండెడివాడు. ఈ భాస్వరపు పరీక్షకు గాజుసామాను కడుగుట మీరనుకొన్నంత తేలిక కాదు, సబ్బుపొడులలో భాస్వరలవణములుండును, గొట్టమునకు అణువంత అంటియున్నను నీలము అబద్ధము చెప్పును. ఆతడు ఒక్కొక్క గొట్టమును ఆమ్లముతో కడిగి, స్వేదనజలముతో మరలమరల తొలిచి, వెలుతురునకు ఎత్తి చూచి, బోర్లించి ఆరబెట్టెడివాడు. ఆతడున్నంతకాలము మా నీలము తప్పలేదు. ఆ పేరు ఈ సన్మానపత్రములో లేదు.

బావగారు: చూచితివా, మరల పనియే! ఆతడు బాగుగ కడిగెను, అందుచేత గొప్పవాడని నీవనుచున్నావు. పని చిన్నదైననేమి, తూనిక తూనికయే.

బావమరిది: తుదవరకు వినుడు. ఆతనికి పక్షవాతము వచ్చినది. కుడిచేయి పడిపోయినది, మాట ముద్దముద్దగా వచ్చుచుండెను. నేను పోయి మంచము దగ్గర కూర్చున్నప్పుడు, ఎడమచేతితో పడిపోయిన చేతిని చూపి, "దీనికింక పనేముంది బాబూ" అనెను. ఆతని భార్య అన్నము కలిపి ముద్దలు పెట్టుచుండెను. మీ సిద్ధాంతమే సత్యమైనచో ఆ యింట ఆ ముద్ద ఆ పూటనే ఆగిపోవలెను. పనియు లేదు, పేరును లేదు, తిని నిద్రించు దేహము మాత్రమే మిగిలినది. అయినను ఆమెకు, ఆతనికి తినిపింపవలెనా వద్దా యను ప్రశ్నయే పుట్టలేదు. మీ తల్లిగారు తుదిరోజులలో మిమ్ములను గుర్తుపట్టలేకపోయినప్పుడు, అంతటి అధికారి యైన మీరు రాత్రి లేచి ఆమె ప్రక్కబట్టలు మార్చుట నేను చూచితిని. అప్పుడు మీరేమి తూచితిరి? మంచముపట్టిన పెద్దలను కడుపున పెట్టుకొని చూచు ప్రతి తెలుగిల్లును మీ సిద్ధాంతమును ప్రతిదినము కాదనుచునే యున్నది. ఇతరులకు ఇంత ధారాళముగా ఇచ్చుదానిని తమకు తాము మాత్రము ఈయక, తమవరకు వచ్చునప్పటికి సర్వీసు రిజిస్టరు తెరచుట ఏమి న్యాయము?

బావగారు: (కొంచెము తడవు ఊరకుండి) మా అమ్మ మాట వేరు. అది ప్రేమ, విలువ కాదు. సరే, దానిని నీకు విడిచెదను, ఏలయన నా దగ్గర సమాధానము లేదు. కాని నీ మాటలో నాకు మింగుడుపడనిది ఇంకొకటి యున్నది. నీకు నెలనెల పెన్షను వచ్చును. ఊరిలో నీ కులమునకు, నీ ఇంటిపేరునకు ఎన్నడును కొదువ రాలేదు. విలువ లోపలనే యున్నదని నీవు తేలికగా చెప్పగలవు. గుడిమెట్టు ఎక్కనీయని కాలములో పుట్టినవానికి ఈ మాట చెప్పగలవా? జాషువాను చూడుము. ఆయనయు 1895లోనే పుట్టెను. ఎంత కవియైనను "మీదే కులము?" అన్న ప్రశ్న సభలో ఆయన వెంట నడచుచునే యుండెను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారంతటివారు తమ చేతులతో ఆయన కాలికి గండపెండేరము తొడిగిన దినమున, అది బయటి మెప్పు, దానితో పనిలేదు అని నీవు సభలో లేచి చెప్పగలవా? లోకము అడుగడుగున కాదన్నవానికి లోకముయొక్క ఒక్క ఔనను మాట అన్నముతో సమానము. ఉద్యోగము కూడ అంతే. అది గౌరవము మాత్రమే కాదు, పొయ్యిమీది బియ్యము. బియ్యము లేనివానికి నీ వేదాంతము వినబడదు.

ఈ మాటకు బావమరిది వెంటనే బదులు చెప్పలేదు. చెప్పకపోవుటయే ఉచితమని నాకును తోచినది. ఆత్మగౌరవమును గూర్చిన ఉపన్యాసములు మన దేశమున తరచుగా కూర్చుండుటకు కుర్చీ దొరికినవారి నోటనే వచ్చును.

బావమరిది: మీరు చెప్పినదానిలో బియ్యపు మాటకు నేను తలవంచుదును. ఉద్యోగము పోయినవానికి మొదట కావలసినది ఉద్యోగము, వేదాంతము కాదు. గండపెండేరము అన్నముతో సమానమన్న మాటయు కాదనను. కాని జాషువా విషయమై మీరు నన్ను ఓడించుటకు తెచ్చినది నా పక్షమునకే సాక్ష్యము చెప్పుచున్నది. 1941లో వెలువడిన గబ్బిలమును తలచుకొనుడు. గుడిలోనికి రానీయరు గావున కాశీవిశ్వనాథునకు గబ్బిలముచేత మొర పంపుకొను ఆ మనిషి, "నన్ను మనిషిని చేయుము" అని వేడుకొనెనా? తాను అప్పటికే మనిషి. లోకము ఆ మాట మరచినది. ఆ మరపును ఎత్తిచూపుటయే ఆ కావ్యము. విలువ లోకము ఈయగా వచ్చునదే యైనచో, లోకము ఈయనివానికి విలువ లేనట్లే గదా; విలువ లేనివానికి అవమానము జరిగినదనుట యెట్లు? అన్యాయమను మాటకే అర్థముండదు. జాషువా కోపమునకు, మీ సీనియారిటీ వ్యాజ్యమునకు, ఆ పిల్ల సున్నపై పుట్టిన ఆందోళనమునకు న్యాయము ఎచ్చటిది? ఈయవలసినది ఈయలేదు అని మనమనుటలోనే, ఈయకముందే ఆ మనిషికి అది చెల్లవలసియున్నదని ఒప్పుకొనుట యున్నది. గండపెండేరము తొడిగిన చేతులు తమ బాకీ తీర్చుకొనినవి. తొడుగకున్నచో బాకీపడి యుండెడిది లోకము. తక్కువపడి యుండెడివాడు కవి కాదు.

మీ విషయమునను అంతే. ఆ జాబితాలో తప్పు జరిగినది. ఆ తప్పు జాబితాది. తుపానురాత్రి పడవలో బియ్యము పోయినది నిజము; ఏ కమిటీయు దానిని జరుగలేదని చేయజాలదు. మీరు వ్యాజ్యము నడుపుట సరియైనదే. ఇంకొకమారు నడుపుమన్నను నడుపుడు. ఓడిపోయిన వ్యాజ్యమును తెచ్చి వరండాలో కూర్చుండబెట్టుకొని, అది మీ పేరు చెప్పువరకు లేవననుట మాత్రము వద్దు.

బావగారు: (చాలసేపటికి) బాకీ అన్నావు. మంచి మాట, రెవెన్యూవానికి అర్థమగు మాట. ఇప్పుడు నీ మాటతోనే నిన్ను పట్టుకొందును. గౌరవించుట ఇచ్చువాని బాకీ యైనచో, నీ శిష్యులు తమ బాకీ తీర్చుకొన వచ్చినప్పుడు తలుపు వేయుటకు నీవెవడవు? శాలువా కప్పుకొన్నంతమాత్రమున నీవు పెరుగవని తెలిసినవానికి, కప్పుకొన్న తరుగుదునన్న భయమెందుకు? వలదని మొండికెత్తుటలోను, "చూడుడు, నేను సన్మానములకు లొంగనివాడను" అను ప్రకటన యొకటి యున్నది. అదియును నలుగురు మెచ్చవలెనని చేయునదే.

బావమరిది: (తడుముకొనక) నిజమే. ఆ పిల్లవాని కంటనీరు నాకు తోచకపోయినది. నా అభ్యంతరము పత్రముపై నుండవలసినది; పోయి సభపై పడినది. సభకు వత్తునని చెప్పుడు. ఈ జీతముల పట్టిక తీసివేయుమనుడు. తరగతిలోనివారందరి పేర్లను, ఏ ఉద్యోగమును వ్రాయక, అక్షరక్రమమున అచ్చువేయుమనుడు. అటెండరు బ్రతికియే యున్నాడు. ఆటో పంపినచో రాగలడు. ఆతనిని నా ప్రక్కన కూర్చుండబెట్టుమనుడు.

బావగారు: ఆ పత్రము ఇటు తెమ్ము. ముసాయిదాలు దిద్దుట నాకు అలవాటైన పని. కాని ఒక్కమాట: నీ సిద్ధాంతమును నేను ఒప్పుకొంటినని ఎక్కడను చెప్పకుము. ఈ వయస్సున నా గేటుమీది పేరుపలకను నేను తీయను. అది చూచుకొన్నప్పుడు నాకు కొంత ఊరట కలుగును. ఆ ఊరటను నీ తర్కము నాకు ఈయలేదు.

బావమరిది: తీయుమని నేనెన్నడంటిని? కష్టపడి సంపాదించిన పేరది. దానిని చూచి సంతోషింపుడు.

బావగారు: ఇంకొక చిక్కు మిగిలినది, నీవు పాఠము చెప్పినవాడవు కావున అడుగుచున్నాను. మా పెద్దవాని కొడుకు విజయవాడ దగ్గర హాస్టలులో ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరము చదువుచున్నాడు. ఆదివారము పది నిమిషములు ఫోను ఇత్తురు. వాడు "తాతయ్యా" అన్నవెంటనే నా నోట వచ్చునది "వీకెండ్ టెస్టులో ఎంత వచ్చినదిరా?" అనునదే. పోయిన రెండు వారములుగా వాడు అమ్మతో మాటలాడి పెట్టివేయుచున్నాడు. నాకు ఫోను ఈయవద్దనుచున్నాడట. నేనిప్పుడు మార్కులు అడుగుట మానవలెనా? అడుగనిచో వాడు చదువు విడిచిపెట్టును. వాని తండ్రి సంగతి నాకు తెలియదా?

బావమరిది: మానవద్దు. వాని చదువు మీకు పట్టలేదని వాడనుకొనుటయు మంచిది కాదు. మార్కులు రెండవ ప్రశ్నగా అడుగుడు.

బావగారు: మొదటిదేమి?

బావమరిది: వాని గదిలో నున్న పిల్లల పేర్లు మీకు తెలియునా? వాడు రాత్రి ఎన్నిగంటలకు పడుకొనుచున్నాడు? పప్పు నీళ్లగా నుండునని ఇంటర్ మొదటి సంవత్సరమునుండి వాడు చెప్పుచున్నాడని అక్క అన్నది. ఆ మాట ఏమైనది? వీటిలో ఏదైనను అడుగుడు. వాడు చెప్పునంతసేపు వినుడు. పది నిమిషములును దానికే చాలకపోయిన, మార్కులు మరుసటి ఆదివారమునకు వాయిదా వేయుడు.

బావగారు: ఒక్క వారము మాత్రము వాయిదా వేయుదును. ఆ పైవారము అడుగక మానను.